తల్లిదండ్రుల ముచ్చటలు



రాజుల దండయాత్రలకు శాసనములున్నవి. నరసన్నపేటకు చేరువనున్న శ్రీముఖలింగమున, ఏ దేవునికి ఎవరు ఏమి దానమిచ్చిరో గుడిలోని రాళ్ళపై చెక్కబడియున్నది. కాని నూతిగట్టున ఒక తల్లి మరియొక తల్లిని, "అప్పా, మీ గుంటడికి జొరం తగ్గినాదేటి?" అని అడిగిన మాటకు శాసనము లేదు. ఆ మాటకు వచ్చిన బదులు వలన ఎందరు బిడ్డలు దక్కిరో, ఎందరు దక్కకపోయిరో వ్రాసియుంచినవారును లేరు.

పిల్లల పెంపకమును గూర్చి తల్లిదండ్రులు తమలో తాము చెప్పుకొను మాటలను మనము ఊసుపోక కబుర్లని తీసివేయుదుము. అవి వట్టి కబుర్లు కావు. వైద్యుడు లేని యూళ్ళలో అవియే వైద్యము. బడి లేని యూళ్ళలో అవియే బడి. అవి మేలు చేసిన కాలములును గలవు, కీడు చేసిన కాలములును గలవు. ఎప్పుడు మేలు చేసినవి, ఎప్పుడు కీడు చేసినవి, ఎందువలన అని విచారించుటయే నేటి ప్రసంగమునకు ఉద్దేశము. ఈ విచారణ పాతకాలపు వినోదము కొరకు కాదు. అవే ముచ్చటలు నేడు సెల్‌ఫోనులలోనికి చేరినవి. కనుక వాని మంచిచెడ్డలు మన మనుమల ప్రాణములకు సంబంధించినవి.

మొదట పాత పల్లెను తలచుకొందము. తొలిచూలు పురుడు పుట్టింట జరుగుట మన ఆచారము. పురిటియింటికి ఇరుగుపొరుగు స్త్రీలు వచ్చి బాలింతరాలికి పథ్యము చెప్పెడివారు. శిశువును చాపిన కాళ్ళపై పరుండబెట్టి నలుగు పెట్టి నీళ్ళు పోయు విధము, ఏడ్చు బిడ్డ ఆకలికి ఏడ్చుచున్నదో కడుపునొప్పికి ఏడ్చుచున్నదో కనిపెట్టు విధము, పాలు మాన్పించి చోడి అంబలి అలవాటు చేయు విధము, ఇవన్నియు పుస్తకములలో లేవు. ఒకరి నోటినుండి మరియొకరి చెవికి నడచినవి. మగవారి ముచ్చటలు రచ్చబండయొద్దను, కళ్ళములయొద్దను సాగెడివి. ఎవని కొడుకును ఏ పంతులు వద్ద వేయవలెను, పరీక్ష తప్పిన కుర్రవానిని ఏమి చేయవలెను, పిల్ల పెండ్లికి ఎవరి వద్ద అప్పు పుట్టును అని వారు మాటలాడుకొనెడివారు.

ఈ ముచ్చటలకు ఒక గొప్ప బలముండెను. నేడు సలహా చెప్పిన పొరుగింటి అవ్వ రేపు ఉదయమున నీళ్ళకు వచ్చి ఆ బిడ్డను తన కంటితో చూచెడిది. మందు పనిచేయనిచో ఆమెకు తెలియును. ఆమె మాటకు ఆమెయే పూచీ. ఈ సంగతిని శ్రోతలు మనసులో నుంచుకొనవలెను. మరల దీని అవసరము కలుగును.

అయినను ఆ బలమునకు సమానమైన బలహీనత కూడ ఉండెను. ఊరిలో పుట్టిన మాట ఊరిలోనే తిరుగుచుండుటచే తప్పును దిద్దువారు లేకపోయిరి. కాన్పు కాగానే వచ్చు ముర్రుపాలు శిశువునకు పడవని వానిని పిండి పారబోయుట అనేక గృహములలో ఆచారమైయుండెను. శిశువును రోగములనుండి కాపాడు శక్తి ఆ పాలలోనే మెండుగానున్నదనియు, పుట్టిన గంటలోపల తల్లిపాలు పట్టవలెననియు నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. విరేచనములైన బిడ్డకు నీరు ఇచ్చినచో రోగము హెచ్చునను నమ్మకము మరియొకటి. దాని వలన నీరు లేక ఎండిపోయి మరణించిన పసివారు ఎందరో!

మశూచి సంగతి మరియు విచిత్రము. మన దేశమున మొదటి టీకా 1802లో బొంబాయిలో మూడేండ్ల బాలికకు వేయబడెను. ఆ దినములలో టీకారసము సీసాలలో వచ్చెడిది కాదు. ఒక బిడ్డ చేతిమీది పొక్కునుండి రసము తీసి మరియొక బిడ్డ చేతికి వేసెడివారు. తన బిడ్డ పుండును మరల గీరనిచ్చుటకు ఏ తల్లి ఒప్పుకొనును? ఏ యింటి బిడ్డ రసమో తన బిడ్డకు పట్టించుటకు ఏ తండ్రి సమ్మతించును? అందుచే టీకాలవాడు వచ్చుచున్నాడన్న వార్త వీథిలో పుట్టగానే పిల్లలను దాచు యిండ్లు చాలనుండెను. ఇది వారి మూర్ఖత్వమని ఒక్కమాటతో త్రోసివేయరాదు. బిడ్డమీది ప్రేమయే వారిని భయపెట్టినది. ఆ భయమును తీర్చుటకు ఉత్తరువులు చాలలేదు. టీకా వేయించుకొనిన పొరుగు బిడ్డ, ఊరంత అమ్మవారు పోసినను చెక్కుచెదరక తిరుగాడుట చూచిన తల్లియే మరియొక తల్లిని ఒప్పింపగలదు. 1975 మే నెలలో మన దేశమున చివరి మశూచి రోగి కనబడెను. 1980లో ప్రపంచమంతట ఆ వ్యాధి నిర్మూలమైనదని ప్రకటింపబడెను.

ఇంతవరకు చెప్పినది తల్లిదండ్రులిద్దరును ఊరిలోనున్న కాలపు మాట. మన సీమలో తండ్రి దూరదేశమున నుండుట కూడ పాత సంగతియే. నరసన్నపేట ప్రాంతము 1936 ఏప్రిల్ 1వ తేదీవరకు గంజాము జిల్లాలోనిది. ఆ జిల్లానుండియు విశాఖపట్టణము జిల్లానుండియు వేలకొలది జనులు పొగయోడలెక్కి రంగూనుకు పోయి బియ్యపు మరలలోను, రేవులోను కూలిచేసిరి. పోయినవారిలో మగవారే హెచ్చు. ఊరిలో మిగిలిన తల్లులు, తాతలు, అవ్వలు పిల్లలను పెంచిరి. రంగూను ఉత్తరము వచ్చిననాడు చదువు వచ్చినవారిచేత చదివించుకొనుట, బదులు వ్రాయించుకొనుట జరిగెడిది. ఆ విధముగా ఒక యింటి కష్టసుఖము పదియిండ్లకు తెలిసెడిది. పదియిండ్ల సాయమును దానికి అందెడిది. 1941 డిసెంబరు 23వ తేదీన రంగూనుపై బాంబులు పడినప్పుడును, 1942 మార్చిలో ఆ నగరము జపానువారి వశమైనప్పుడును, కొండలు అడవులు దాటి కాలినడకను వచ్చినవారు కొందరు, రానివారు కొందరు. రానివారి పిల్లలను పెంచినది ఇరుగుపొరుగే, చుట్టపక్కాలే.

ఊరి ముచ్చట ఊరు దాటి నడచుటకు అచ్చు తోడ్పడినది. 1883లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు స్త్రీలకొరకు "సతీహితబోధిని" పత్రికను నెలకొల్పిరి. 1902లో "హిందూసుందరి" వెలువడెను. అదే సంవత్సరమున భండారు అచ్చమాంబగారు మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజమును స్థాపించిరి. తన బిడ్డలను పసితనముననే పోగొట్టుకొనిన యీ తల్లి, ఆ దుఃఖములోనే మునిగియుండక స్త్రీలు కూడి చదువుకొనుటకు, మాటలాడుకొనుటకు చోటులు కల్పించుచు తిరిగినది. 1905లో ఆమె గతించెను. పత్రికలోని మాట ఎంత మేలైనదైనను తల్లికి అర్థము కావలెను గదా! శ్రీముఖలింగము చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు, జనులు మాటలాడు తెలుగే పుస్తకములలోనికి రావలెనని జీవితమంతయు వాదించిరి. ఈ ప్రసంగము గ్రంథభాషలోనున్నను వారి వాదములోని న్యాయము నిరాకరింపదగినది కాదు. జ్వరము వచ్చిన బిడ్డను ఒడిలోనుంచుకొనిన తల్లికి నిఘంటువు వెదకు తీరిక యుండదు.

అచ్చు తరువాత ఆకాశవాణి. 1938 జూన్ 16వ తేదీన మదరాసు కేంద్రము ప్రారంభమయ్యెను. అక్కడ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమములను నడిపి "రేడియో అన్నయ్య", "రేడియో అక్కయ్య" అను పేర్లతో ఇంటింట చుట్టములైరి. 1963 ఆగష్టు 4వ తేదీన విశాఖపట్టణ కేంద్రము వచ్చిన తరువాత ఉత్తరాంధ్రకు తన గొంతు దగ్గరైనది. అయితే పత్రికయు రేడియోయు చెప్పునవేగాని, రేపు వచ్చి బిడ్డను చూచునవి కావు. నూతిగట్టు అవ్వకున్న బలము వానికి లేదు. వానికున్న జ్ఞానము అవ్వకు లేదు.

ఈ రెండును కలిసినచోట ఏమి జరుగునో 1971లో వంగదేశపు సరిహద్దున లోకము చూచినది. యుద్ధకాలమున శరణార్థులు వచ్చి నిండిన బన్‌గావ్ శిబిరములో కలరా వ్యాపించినది. సూదితో ఎక్కించు మందులు చాలలేదు, దాదులు చాలలేదు. డాక్టరు దిలీప్ మహలనబిస్‌గారు ఉప్పు, గ్లూకోజు, సోడా పొడి కలిపిన నీటిని పీపాలలో నింపించి, రోగుల తల్లులు, తండ్రులు, తోబుట్టువులచేతనే త్రాగించిరి. నూటికి ముప్పదివరకునున్న మరణములు నూటికి నాలుగింటికి లోపుగా తగ్గినవి. మందు వైద్యునిది, చేయి తల్లిది. నేడు ప్రతి ఆరోగ్యకేంద్రమున దొరకు ఓ.ఆర్.ఎస్. పొట్లము ఈ విధానమునకు చెందినదే. పొట్లము దొరకనిచో ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, తలకొట్టుగా కొలిచి కలిపి, మాటిమాటికి కొంచెము కొంచెముగా పట్టవలెను.

తరువాతి వ్యవస్థలు ఈ కలయికనే స్థిరపరచినవి. 1975 అక్టోబరు 2వ తేదీన దేశమున 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి పథకము మొదలై, అంగనవాడి పల్లెలకు వచ్చినది. 2000 సంవత్సరమున ఆరు జిల్లాలలో మొదలైన వెలుగు పథకమున శ్రీకాకుళము, విజయనగరము రెండును ఉండెను. పొదుపుకొరకు కూడిన స్త్రీలు పిల్లల చదువుసంధ్యలను గూర్చియు మాటలాడుకొనిరి. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము సర్కారు బడుల యాజమాన్య సంఘములో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే యుండవలెను. శిశుమరణముల లెక్క చూడుడు. 1971లో మన దేశమున పుట్టిన వేయిమందిలో 129 మంది యేడాది నిండకుండ పోయెడివారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగినది. ఇందులో వైద్యుల పాలెంతయో చెప్పువారున్నారు. మాట వినిన తల్లులకు, మాట నందించిన తల్లులకును ఇందు పాలు గలదు.

ఇక నేటి సంగతి. రంగూను పోయి హైదరాబాదు, విశాఖపట్టణము, అమెరికా వచ్చినవి. మన తీరపు జాలరులు గుజరాతు వేరావలు రేవునకు పోయి వేటాడుచున్నారు. 2018 నవంబరులో పాకిస్తానువారికి చిక్కినవారిలో ఇరువదిమంది 2020 జనవరిలోగాని విడుదల కాలేదు. అంతకాలము వారి కుటుంబములు ఎదురుచూచుచుండెను. పిల్లలు తాతల యొద్ద పెరుగుచుండగా తల్లిదండ్రుల ముచ్చట సెల్‌ఫోనులోని వాట్సాప్ బృందములలో సాగుచున్నది. తొలిచూలు బిడ్డతో పరాయి పట్టణమున నాలుగు గోడలనడుమ ఒంటిగానున్న పిల్ల, అర్ధరాత్రి "బిడ్డ పాలు త్రాగుట లేదు, ఏమి చేయుదును?" అని వ్రాసినచో పదిమంది తల్లులు మేలుకొని బదులిచ్చుచున్నారు. "భయపడకు, నాకును ఇట్లే జరిగినది" అన్న యొక్క మాట ఆమెకు ఎంత ధైర్యము! ఇది నూతిగట్టు కాదని ఎవరు చెప్పగలరు?

అయితే ఆ పదిమందిలో రేపు ఉదయమున వచ్చి బిడ్డను చూచువారెవరు? ఇచటనే ప్రమాదమున్నది. పొరపాటు సలహా చెప్పినవానికి దాని ఫలితము కనబడదు. ముర్రుపాలనాటి అపోహవంటిదే మరియొకటి నేడు గడియలో వేలమందికి చేరగలదు. పిల్లలకు వేయు చుక్కలను గూర్చి, టీకాలను గూర్చి వదంతులు మన దేశమున పలుచోట్ల వ్యాపించినవి. అయినను ఇంటింటికి నడచిన కార్యకర్తల ఓర్పువలన 2011 జనవరి తరువాత మన దేశమున అడవి పోలియో రోగి కనబడలేదు. 2014 మార్చి 27వ తేదీన దేశమునకు ఆ యోగ్యతాపత్రము లభించినది. వదంతిని గెలిచినది మరియొక సందేశము కాదు, గుమ్మములోనికి వచ్చిన మనిషి.

కాబట్టి పల్లెపెద్దలు ఈ క్రొత్త ముచ్చటలను చూచి నవ్వరాదు, కోపగింపరాదు. ఫోనులో వచ్చిన ధైర్యపు మాటను ఉండనిండు. మందుమాట వచ్చినచో మాత్రము, అంగనవాడి టీచరునో, ఆరోగ్యకేంద్రపు నర్సునో, వైద్యునో అడిగిన పిదపనే బిడ్డ నోట వేయుడని చెప్పుడు. వస, ఆముదము మొదలైనవి మన యవ్వలు వాడినవే యైనను, నేటి వైద్యులు శిశువులకు వలదందురు, దానికి చిన్నబుచ్చుకొనరాదు. మనుమరాలికి జ్వరమని పట్టణమునుండి వార్త వచ్చిననాడు సలహా చెప్పి ఊరకుండక, మరునాడు మరల పిలిచి "తగ్గినాదేటి?" అని అడుగుడు. దూరముగానున్న పిల్లలకు పదిమంది సలహాలు దొరకును గాని మరునాడు మరల అడుగువారు దొరకుట అరుదు. మన వీథిలోనే కొడుకు కోడలు దూరమై మనుమలను సాకుచున్న ముసలివారుందురు. వారి యరుగుమీద కొంతసేపు కూర్చుండి పలుకరించి రండు.

మీ పిల్లలు, మీ పిల్లల పిల్లలు చల్లగానుందురు గాక!