అర తులం సీసం

కొత్తపేట దగ్గర పాత మండువా లోగిలి. ఇంటాయన ఇనప్పెట్టెలోంచి పసుపు గుడ్డ మూట తీసి, ముడి విప్పి, ఆరు తూటాలు నా అరచేతిలో పోశారు. ఇత్తడి గొట్టాలు, పైన బూడిద రంగు సీసం తల. సీసం ఇత్తడిలో దిగిన చోట చుట్టూ సన్నగా పచ్చని చిలుము. కోనసీమ గాలికి పూజగదిలో ఇత్తడి చెంబే పది రోజులకు రంగు మారుతుంది, ఏళ్ల తరబడి మూటలో ఉన్న తూటా మారదా?

"మావాడు అమెరికా నుంచి ఫోన్ చేసి, నాన్నా, నీ రివాల్వర్లో ఏ తూటా వాడుతున్నావని అడిగాడండి. ఏ తూటా ఏంట్రా, వాళ్లిచ్చిందే తూటా అన్నాను" అని నవ్వారాయన.

నవ్వి వదిలేసే మాటలా అనిపించింది గానీ దాని వెనకాల నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. వాళ్లబ్బాయి ఉన్న ఊళ్లో తుపాకుల కొట్టుకు వెళితే ఒక చిన్న రివాల్వర్‌కే గోడ నిండా రకరకాల తూటాల డబ్బాలు కనిపిస్తాయి. అక్కడ ఏది కొనాలన్నది పెద్ద చర్చ. ఇక్కడ ఆ ప్రశ్నకు జవాబు సర్కారు ఎప్పుడో రాసి పెట్టేసింది.

ముందు మాటల సంగతి. మన పేపర్లు అన్నిటినీ కలిపి 'బుల్లెట్' అనేస్తున్నాయి. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు రాజేసే మూత, లోపల మందు, పైన గుండు, ఈ నాలుగూ కలిసింది తూటా. పేలాక ఎగిరి వెళ్లేది గుండు ఒక్కటే. రివాల్వర్‌లోనైతే ఖాళీ గొట్టం ఎక్కడికీ పోదు, చక్రంలోనే ఉండిపోతుంది.

ఆ గుండు బరువును గ్రెయిన్లలో చెబుతారు. గ్రెయిన్ అంటే గింజ. మనకు కొత్త లెక్కేం కాదు. ఈస్టిండియా కంపెనీ 1833లో రూపాయి బిళ్ల బరువును 180 గ్రెయిన్లుగా ఖాయం చేసి, అదే తులం అంది. ఇప్పుడు నగల కొట్లో 10 గ్రాములకే తులమంటున్నారు గానీ, ఆ పాత తులం 11.66 గ్రాములు. నా చేతిలో ఉన్న .32 తూటా గుండు 98 గ్రెయిన్లు, అంటే ఆరున్నర గ్రాములకు కాస్త తక్కువ. పాత లెక్కలో అర తులం పైచిలుకు. 96 గురివింద గింజలు తులమనే లెక్క ప్రకారం చూస్తే యాభై రెండు గింజల ఎత్తు సీసం.

ఈ .32 లాంగ్ తూటా అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ 1896లో తెచ్చింది. చిన్న రివాల్వర్‌కి ఇమిడేది, చెయ్యి పెద్దగా అదరనిది. గుండు సెకనుకు 700 అడుగుల లెక్కన పోతుంది, తూటాల లోకంలో అది నిదానం కిందే లెక్క. అమెరికా పోలీసులు దీన్ని వదిలేసి చాలా కాలమైంది. మన దేశంలో మాత్రం లైసెన్సు రివాల్వర్ అంటే 'థర్టీటూ బోరే'. ఎందుకని?

1878లో వైస్రాయ్ లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చాడు. అదే ఏడాది దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టమూ తెచ్చాడు. చేతిలో ఆయుధం, నోట్లో మాట, రెండూ ఒకే సంవత్సరంలో లైసెన్సు కిందికి వచ్చాయన్నమాట. ఆయుధాల చట్టంలో తెల్లవాళ్లకు మినహాయింపు ఉండేది. అమలాపురం తాలూకా రైతు అడవి పందుల కోసం నాటు తుపాకీ పెట్టుకోవాలన్నా కాగితం కావాలి. దొరకు అక్కర్లేదు. బ్రిటిష్ పాలన చేసిన దుర్మార్గాల్లో జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన చట్టమే అన్నిటికన్నా నల్లనిదని గాంధీ 1918లో రాశారు. అహింస చెప్పిన మనిషి ఆ మాట రాశాడంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు. 1931లో కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం పెట్టుకునే హక్కునూ చేర్చారు. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగంలోకి మాత్రం అది ఎక్కలేదు.

తూటా విలువ గోదావరి జిల్లాల వాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. సఖినేటిపల్లి రేవు దాటితే నర్సాపురం. అక్కడి టేలర్ హైస్కూల్లో చదువుకున్న కుర్రాడే అల్లూరి సీతారామరాజు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా దాడి చేసి ఆయన పట్టుకెళ్లింది డబ్బు కాదు. 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. పట్టుకెళ్లిన సరుకంతా స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ల మీద పేలింది సర్కారు మందే.

అక్టోబరులో అల్లూరి దళం అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్లకు వెళ్లేసరికి ఆయుధాలు అక్కడ లేవు, ముందే దాటించేశారు. సినిమాల్లో చూపించేది గుర్రం, విల్లు, కాషాయం. నాకైతే మన్యం పోరాటం సగం తూటాల లెక్కగానే కనిపిస్తుంది. తుపాకీని కొండ మీద కమ్మరి బాగుచేస్తాడు. ఇత్తడి తూటాను చెయ్యలేడు. అది అయిపోతే ఎంత మంచి తుపాకీ అయినా దుడ్డుకర్రే.

తెల్లదొరలకు ఇది అర్థం కాలేదనుకోకండి. పోలీసులకు .410 బోరు మస్కెట్లు ఇచ్చారు. వాటికి విడిగా ఓ తూటా తయారు చేయించారు. సైన్యం .303 తూటా దానికి పనికిరాదు, బజార్లో దొరికే .410 షాట్‌గన్ తూటా అందులో దూరదు. స్టేషన్ దోచుకుని తుపాకీ పట్టుకుపోయినా దానికి తిండి దొరక్కూడదని.

స్వతంత్ర భారతం కూడా ఈ ఆలోచనను పక్కన పెట్టలేదు. 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. దానితో వచ్చిన నిబంధనల్లో, సైన్యం వాడే .380, .455 తూటాలు, 9 ఎంఎం తూటా పట్టే రివాల్వర్లూ పిస్టళ్లూ మామూలు మనిషికి కుదరవన్నారు. ఏ తుపాకీ ఎంత ప్రమాదం అని కాదు ఆ గీత గీసింది, సర్కారు తూటా అందులో పడుతుందా లేదా అని. పెద్ద రకాలన్నీ అలా గీతకు అవతల పడ్డాక, ఇవతల మిగిలిన రివాల్వర్ తూటాల్లో ముఖ్యమైంది ఆ 1896 నాటి .32. కొత్తపేట ఇనప్పెట్టెలో ఉన్నదీ అదే. ఇత్తడి అడుగున 'కెఎఫ్' అని ముద్ర ఉంది. పుణె దగ్గర 1869లో పెట్టిన ఖడ్కీ ఫ్యాక్టరీ గుర్తది.

ఇక అమెరికా అబ్బాయి ప్రశ్నకు వద్దాం. అతను అడిగింది గుండు ముక్కు గురించి. మొన దగ్గర గుంట ఉన్న గుండు ఒంట్లో దిగగానే పువ్వులా విచ్చుకుంటుంది, అక్కడే ఆగిపోతుంది. గుండ్రటి ముక్కు గుండు ఒక్కోసారి ఇటు నుంచి అటు దూసుకుపోయి వెనకాల ఉన్న మనిషికి తగులుతుంది. అందుకే అక్కడి పోలీసులూ ఇళ్లలో పెట్టుకునేవాళ్లూ గుంట ముక్కు రకం కావాలంటారు. దాని తాతది మాత్రం మన దేశమే. కలకత్తా పక్కన దమ్‌దమ్ ఆయుధ కర్మాగారంలో కెప్టెన్ బెర్టీ క్లే 1890లలో విచ్చుకునే రైఫిల్ గుండు చేయించాడు. వాయవ్య సరిహద్దు కొండజాతుల మీద వాడారు. 1898లో వెబ్లీ రివాల్వర్‌కూ అలాంటిదే 'మ్యాన్‌స్టాపర్' అనే తూటా వచ్చింది. పేరులోనే దాని పని చెప్పారు. 1899లో హేగ్‌లో దేశాలు కూర్చుని యుద్ధంలో విచ్చుకునే గుండ్లు వద్దన్నాయి. సైనికుడికి కూడదన్న గుండే నేడు ఊళ్లో పోలీసుకు మంచిదనిపించుకుంటోంది.

చిన్న రివాల్వర్ దగ్గరికి వచ్చేసరికి ఈ గుంట ముక్కు అంతగా నమ్మదగింది కాదు. విచ్చుకోవడానికి వేగం కావాలి. రెండు మూడు అంగుళాల రివాల్వర్ గొట్టంలో మందు పూర్తిగా ఊపందుకునే లోపే గుండు బయటపడుతుంది. గుంటలోకి చొక్కా గుడ్డ కూరుకుపోయి విచ్చుకోకుండానే పోవచ్చు. పోనీ మందు దట్టిస్తే, తేలికపాటి రివాల్వర్ చేతిలో ఎగిరిపడుతుంది, రెండో గుండు ఎటు పోతుందో తెలియదు. అందుకే అక్కడ కూడా చెయ్యి తిరిగినవాళ్లు చాలామంది చిన్న రివాల్వర్‌లో బల్లపరుపు ముక్కున్న నెమ్మది రకమే పెట్టుకుంటారు. 1986లో మయామీలో దొంగలతో జరిగిన కాల్పుల్లో ఎఫ్‌బీఐ ఇద్దరు మనుషుల్ని పోగొట్టుకుంది. ఆ తర్వాత గుండు పనికొస్తుందా లేదా అన్నది జెల్లీ దిమ్మల్లో 12 నుంచి 18 అంగుళాలు దిగుతుందా అని చూసి తేల్చడం మొదలుపెట్టారు.

మన దగ్గర ఈ గొడవలేం లేకుండా 2014 జనవరిలో కాన్పూర్ నుంచి 'నిర్భీక్' రివాల్వర్ వచ్చింది. ఢిల్లీ నిర్భయ ఉదంతం తర్వాత ఆడవాళ్ల కోసమని చెప్పి తెచ్చారు. అర కిలో బరువు, అప్పట్లో రూ.1.22 లక్షల ధర. తేలిక లోహం, నగల పెట్టెలాంటి డబ్బా, అన్నీ కొత్తవే. తూటా మాత్రం మళ్లీ 1896 నాటిదే. అంత ఖర్చు పెట్టగల ఆడవాళ్లు మన పల్లెల్లో ఎందరుంటారన్నది వేరే సంగతి.

కొత్తపేట పెద్దాయన్ని అడిగాను, ఎప్పుడైనా పేల్చారా అని. "దీపావళికి కూడా లేదండి. ఎలక్షన్లప్పుడు స్టేషన్‌లో పెట్టి రావడం, అయ్యాక తెచ్చుకోవడం, అంతే" అన్నారు. ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు ఆయుధాలు స్టేషన్‌లో అప్పగించమనడం మనకు మామూలే. ఆయన రివాల్వర్ ప్రయాణం మొత్తం ఇల్లు, స్టేషన్, ఇల్లు.

ఎలాగూ ఎంచుకునే వీలు లేదు కాబట్టి ఆయనకు నేను చెప్పింది ఒక్కటే. తూటా రకం గురించి బెంగ వదిలేసి దాని వయసు చూసుకోండి. చిలుము పట్టినది, గుండు వదులైనది వాడొద్దు. మెరుస్తుందని నూనె రాయొద్దు, ఆ నూనె అడుగు మూతలోకి ఇంకితే మందు అంటుకోదు. పాతవి లైసెన్సు ఉన్న డీలర్‌కి చూపించి కొత్తవి రాయించుకోండి. శిక్షణ లేని చేతిలో ఎంత మంచి తూటా అయినా దండగే. ఆత్మరక్షణ హక్కుకు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లున్నాయి. అవి ఓసారి చదవడానికి తూటా డబ్బా పాటి ఖర్చు కూడా కాదు.

పాఠకులకు ఒక మనవి. మన లోగిళ్లలో తాతల నాటి పెట్టెలు చాలా ఉన్నాయి. చట్టం దృష్టిలో తుపాకీ లేకుండా తూటా ఒక్కటే ఉన్నా లైసెన్సు కావాలి. లైసెన్సుదారు పోయాక ఇంట్లో మిగిలినవాటిని ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సు డీలర్ దగ్గర గానీ అప్పగించాలి. అటక మీద ఒక్క తూటా కనిపించినా పిల్లల చేతిలో పడకముందే పట్టుకెళ్లి ఇచ్చేయండి. రశీదు అడిగి తీసుకోండి. పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ తూటాలు పట్టుకెళ్లినవాడు చదువుకున్న బడి మనకు రేవు అవతలే ఉంది.