ఊరి పేరా, ఊరి నంబరా?

ఈ వారం విషయం వినగానే "ఇదేం రేడియోలో చెప్పుకునే ముచ్చటండీ" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. వికీ సాఫ్ట్‌వేర్‌లో ఒక వస్తువునీ, దానికున్న ఒక గుణాన్నీ ఏ గుర్తులతో రాయాలి అన్నదే ఆ విషయం. నేను పొట్టకూటికి చేసేది డేటాబేసుల పనే. అయినా ఈ ప్రశ్న నాకు ఆఫీసులో ఎదురు కాలేదు. ఇక్కడి మా తెలుగు సంఘం సభ్యుల వివరాల కోసం ఒక చిన్న వికీ పెట్టి, ఒక పెద్దాయన చేత మాట పడ్డాక ఎదురయింది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు కాస్త చరిత్ర.

మొట్టమొదటి వికీని వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామరు 1995 మార్చి 25న నెట్‌లో పెట్టాడు. హవాయి భాషలో "వికీ వికీ" అంటే త్వరత్వరగా అని. హోనలులు విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు గుర్తొచ్చి ఆ పేరు పెట్టుకున్నాడు. పేరుకు తగ్గట్టే లింకు రాయడం కూడా త్వరగా అయిపోవాలి. అందుకని రెండు ఇంగ్లీషు మాటలు తీసుకుని, ఒక్కొక్కదాన్నీ పెద్ద అక్షరంతో మొదలుపెట్టి, మధ్యలో ఖాళీ లేకుండా అతికిస్తే చాలు, అదే లింకు అన్నాడు. వేరే గుర్తులేమీ అక్కర్లేదు. ఉపాయం బాగుంది కానీ, ఒంటి మాట పేర్లకు లింకు పడదు. పైగా పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ అన్న తేడానే లేని మన తెలుగు లిపికి ఇది అసలు పనికిరాదు. ఇంగ్లీషు లిపి అలవాటును ఆయన తెలియకుండానే సాఫ్ట్‌వేర్ వ్యాకరణం చేసేశాడన్నమాట.

2001 జనవరి 15న వికీపీడియా మొదలైనప్పుడు వాడింది క్లిఫర్డ్ ఆడమ్స్ రాసిన యూజ్‌మాడ్ వికీ అనే ప్రోగ్రాము. మొదట్లో దాంట్లోనూ ఈ అతుకుల మాటలే. ఆ తర్వాత రెండేసి చదరపు బ్రాకెట్ల పద్ధతి వచ్చింది. [[కృష్ణా నది]] అని రాస్తే లింకు. ఏ లిపి అయినా ఫరవాలేదు, ఎన్ని మాటలైనా ఫరవాలేదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యేనాటికి ఈ బ్రాకెట్లు ఉండబట్టి సరిపోయింది. మన విభక్తుల బాధకు కూడా దాంట్లో మందు ఉంది. వాక్యంలో "ఇంట్లో" అని రావాలి, వెళ్ళాల్సిన పేజీ మాత్రం "ఇల్లు". మధ్యలో నిలువు గీత పెట్టి [[ఇల్లు|ఇంట్లో]] అంటే సరి. కంప్యూటరుకు ఎడమ పక్కది, చదివేవారికి కుడి పక్కది.

అయితే ఈ లింకుకు ఒక లోటుంది. తెలంగాణ పేజీలో హైదరాబాదుకు లింకు ఉంటుంది, కృష్ణా నదికీ ఉంటుంది. ఒకటి రాజధాని, ఇంకొకటి నది అని మనకు తెలుసు. కంప్యూటరుకు రెండూ ఒకటే. ఈ పేజీ నుంచి ఆ పేజీకి ఒక దారి ఉంది, అంతవరకే దానికి తెలుసు. "కృష్ణ ఏ ఏ రాష్ట్రాల గుండా పారుతుంది" అని అడిగితే, అన్ని పేజీల్లోనూ సమాధానం రాసి ఉన్నా అది చెప్పలేదు.

ఈ లోటు పూడ్చడానికి 2005లో జర్మనీలోని కార్ల్స్‌రూలో మార్కుస్ క్రోచ్, డెన్నీ వ్రాందెచిచ్, మాక్స్ ఫోల్కెల్ మొదలైనవాళ్ళు సెమాంటిక్ మీడియావికీ అనే పని మొదలుపెట్టారు. వాళ్ళు కొత్త భాష కనిపెట్టకుండా, జనానికి అప్పటికే చెయ్యి తిరిగిన బ్రాకెట్లలోనే చిన్న మార్పు చేశారు. తెలంగాణ పేజీలో [[రాజధాని::హైదరాబాదు]] అని రాయాలి. చదివేవారికి ఎప్పటిలా "హైదరాబాదు" అనే కనబడుతుంది. కంప్యూటరుకు మాత్రం "ఈ పేజీలో ఉన్నదానికి రాజధాని హైదరాబాదు" అని అర్థమవుతుంది. వస్తువు పేరు రాయనే అక్కర్లేదు, ఎందుకంటే ఆ పేజీయే వస్తువు.

రెండు కోలన్లు ఎందుకంటారా? ఒంటి కోలన్ అప్పటికే "వర్గం:" లాంటివాటికి ఖర్చయిపోయింది. నిలువు గీత సంగతి ఇందాకే చెప్పాను. మిగిలిన గుర్తుల్లో టైపు చెయ్యడానికి తేలికైనది, మామూలు వాక్యంలో పొరపాటున తగలనిది కావాలి. మొదట్లో పేజీ నుంచి పేజీకి ఉన్న సంబంధానికి రెండు కోలన్లు, జనాభా లాంటి అంకెలకు కోలన్ పక్కన సమాన గుర్తు అని రెండు రకాలు పెట్టారు. రాసేవాళ్ళు ఈ తేడా ఎందుకు గుర్తుపెట్టుకోవాలి? 1.0 వెర్షన్ నాటికి రెంటినీ కలిపి "గుణం" అని ఒకే పేరు కిందకు తెచ్చారు. విలువ అంకా పేజీయా అన్నది గుణానికి సంబంధించిన పేజీలో ఒక్కసారి చెబితే చాలు.

ఇక మా సంఘం సంగతి. నేను ఈ సాఫ్ట్‌వేర్‌నే పెట్టి, "మీ మీ పేజీల్లో మీ స్వస్థలం రాయండి" అని సభ్యులందరికీ చెప్పాను. ఒకరు "స్వస్థలం" అన్నారు, ఒకరు "సొంతూరు" అన్నారు, ఇంకొకరు "స్వగ్రామం" అన్నారు. మనకు మూడూ ఒకటే, కంప్యూటరుకు మూడు వేర్వేరు గుణాలు. ఊళ్ళ పేర్లతో ఇంకా తంటా వచ్చింది. "కొత్తపల్లి" అని నలుగురు రాశారు. తీరా కనుక్కుంటే నాలుగూ నాలుగు జిల్లాల్లో ఉన్న ఊళ్ళు. నా ప్రోగ్రాము మాత్రం ఆ నలుగురినీ ఒకే ఊరివాళ్ళని చేసి జాబితా అచ్చువేసింది.

ఇదే తంటా ప్రపంచం మొత్తానికీ వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. హైదరాబాదు అన్న పేరుతో పాకిస్తాన్‌లో సింధు రాష్ట్రంలో మరో నగరం ఉంది. మన నగరానికే "హైదరాబాద్" అనీ "హైదరాబాదు" అనీ రెండు రాతలున్నాయి, మిగతా భాషల్లో రాతలు సరేసరి. అందుకే 2012 అక్టోబరు 29న మొదలైన వికీడేటాలో వస్తువుకు పేరు తీసేసి నంబరు ఇచ్చారు. ఆ పని నడిపించినవాడు కూడా వ్రాందెచిచ్చే. వస్తువుకు క్యూ, గుణానికి పి. మన హైదరాబాదు క్యూ 1361. రాజధాని అన్న గుణం పి 36. పేర్లు ఏ భాషలో కావాలంటే ఆ భాషలో ఆ నంబరుకు అతికించుకోవచ్చు. అంతకుముందు వంద భాషల్లో ఒకే విషయం మీద పేజీలుంటే, ప్రతి పేజీ అడుగునా మిగతా 99 భాషల లింకులు రాయాలి. అంటే మొత్తం 9,900 లింకులు. ఇప్పుడు వందా ఒకే నంబరు దగ్గరికి వస్తాయి. 2013 జనవరిలో హంగేరియన్ వికీపీడియా మొదటగా దీనికి మారింది, అదే ఏడాది మార్చి కల్లా అన్ని భాషలూ మారాయి.

నంబరు పెట్టేముందు "ఏది ఒక వస్తువు" అని తేల్చుకోక తప్పదు. కర్నూలు రాజధానిగా 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రమూ, 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశూ ఒకటా, రెండా? హైదరాబాదు 2014 జూన్ 2 నుంచి పదేళ్ళపాటు రెండు రాష్ట్రాలకు ఉమ్మడి రాజధానిగా ఉండేది. అంటే విలువ పక్కన ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నది కూడా రాయగలగాలి. వికీడేటాలో దానికి చోటుంది. పాత బ్రాకెట్లలో దాన్ని ఇరికించడం కష్టం.

ఇదంతా చూసి నేనూ మా వికీలో ఊళ్ళకు నంబర్లు పెట్టాను. లెక్కలన్నీ చక్కబడ్డాయి. నాకు మహా సంతోషం వేసింది. అప్పుడు మా సంఘంలో తెలుగు పంతులుగా చేసి రిటైరైన ఒక మాస్టారు ఫోన్ చేశారు. "ఏం నాయనా, మా ఊరిని ఖైదీని చేశావా, నంబరు తగిలించావు?" అన్నారు. నేను డేటాబేసు పాఠం మొదలుపెట్టాను. ఆయన ఓపిగ్గా విని, "అంతా బాగుంది. కానీ నిన్నటిదాకా నా పేజీ నేను రాసుకున్నాను. ఇవాళ నిన్ను అడిగితేగానీ రాసుకోలేను. అదీ నా బాధ" అని పెట్టేశారు.

ఆయన ఆ తర్వాత వికీలో ఏమీ రాయలేదు. మెడ్రాసు రైళ్ళ గురించీ, తాము చదివిన వీధి బడి గురించీ రాస్తానన్నవి అలాగే ఉండిపోయాయి. వికీ పుట్టిందే ఎవరైనా రాయడానికి. కంప్యూటరుకు అర్థం కావాలని నేను రాసేవాళ్ళలో ఒకరిని పోగొట్టుకున్నాను.

తర్వాత సరిదిద్దాను. మనిషి ఊరి పేరు టైపు చేస్తుంటే "కొత్తపల్లి, ఫలానా మండలం, ఫలానా జిల్లా" అని కింద వరుసగా కనబడతాయి, వేలు పెట్టి ఎంచుకుంటే నంబరు లోపల తనే పడుతుంది. వికీడేటాలో చేసేదీ ఇదే. నేను నంబరును మాత్రం కాపీ కొట్టి, ఆ కనబడే జాబితాను వదిలేశాను. నంబరు యంత్రాల మధ్య మాట, పేరు మనుషుల మధ్య మాట. రెండూ ఉండాలి, ఒకదాని చోట ఒకటి కూర్చోకూడదు.

మాస్టారికి కొత్త పద్ధతి చూపించడానికి వచ్చే ఆదివారం వాళ్ళింటికి వెళుతున్నాను. ఈసారి పాఠం చెప్పను, పక్కన కూర్చుని ఆయన టైపు చేస్తుంటే చూస్తాను.