ముయే థాయ్‌లో దేహభంగిమ, మనోనిబ్బరం

ముయే థాయ్ థాయిలాండ్ దేశపు సాంప్రదాయిక పోరాట క్రీడ. పిడికిళ్ళు, మోచేతులు, మోకాళ్ళు, కాళ్ళు అన్నీ ఉపయోగిస్తారు కనుక దీనిని ఎనిమిది అంగాల కళ అని కూడా అంటారు. ఈ క్రీడలో తగిలిన దెబ్బలతో పాటు మల్లుని నిలకడ, ముఖకవళికలు కూడా గెలుపోటములపై ప్రభావం చూపుతాయి.

భంగిమ

మల్లుని ఆకృతిని థాయి భాషలో "రూప్" అంటారు. ఇది సంస్కృతంలోని "రూపం" అనే పదమే. పాశ్చాత్య ముష్టియుద్ధంలో వలె నడుము వంచి తల దించితే మోకాలి దెబ్బ నేరుగా ముఖానికి తగులుతుంది. అందువలన ముయే థాయ్‌లో నిటారుగా నిలబడతారు. ముందుకాలిపై భారం తక్కువగా ఉంచుతారు. ఎదుటివాని తన్నును అడ్డుకోవడానికి ఆ కాలును వెంటనే ఎత్తవలసి ఉంటుంది. తన్నిన తరువాత తూలిపోయినవాడు, కాలు చిక్కి కిందపడినవాడు న్యాయనిర్ణేతల దృష్టిలో వెనుకబడతాడు. పట్టులో నడుము వంగినవాని పరిస్థితి కూడా అంతే.

మనోనిబ్బరం

"చై" అంటే హృదయం లేదా మనసు, "యెన్" అంటే చల్లన. తెలుగులో "చల్లని మనసు" దయను సూచిస్తుంది. థాయి భాషలో "చై యెన్" అంటే తొందరపాటు, కోపం లేకపోవడం. దీనికి వ్యతిరేకం "చై రోన్", అనగా వేడెక్కిన మనసు. ఇవి బరికే పరిమితమైన పదాలు కావు. కంగారుపడేవారిని నెమ్మదించమని ఇంట్లోనూ, వీధిలోనూ చెప్పే మాటలే. "నింగ్" అంటే నిశ్చలత. దెబ్బ తగిలినా బాధ పైకి కనబడనీయకపోవడం ఇందులో భాగం.

పోటీకి ముందు మల్లుడు "వై ఖ్రూ" (గురువందనం) చేసి, "రామ్ ముయే" అనే నృత్యంతో బరి చుట్టూ తిరుగుతాడు. ఖ్రూ అనగా గురువు. తలపై ధరించే "మొంగ్‌ఖోన్" కూడా మన "మంగళం" శబ్దమే. దానిని పోటీకి ముందు తీసివేస్తారు. పోటీ సాగినంతసేపూ సన్నాయి వంటి వాద్యం, డోళ్ళు, తాళాలు మోగుతాయి. రౌండ్లు గడిచేకొద్దీ సంగీతం వేగం పెరుగుతుంది. ఆ హోరులోనే మనసును అదుపులో ఉంచుకోవాలి.

నిర్ణయంలో పాత్ర

బాంకాక్‌లో 1945లో ప్రారంభమైన రాజదమ్నెన్, 1956లో ప్రారంభమైన లుంపినీ స్టేడియముల సాంప్రదాయిక పోటీలో మూడేసి నిమిషాల రౌండ్లు ఐదు ఉంటాయి. మొదటి రెండు నిదానంగా సాగుతాయి. మూడవ, నాలుగవ రౌండ్లలో ఆధిక్యం సాధించినవాడు ఐదవ రౌండ్‌లో వెనుకకు జరుగుతూ ఉండటం పరిపాటి. కొత్తగా చూసేవారికి ఇది పిరికితనంగా తోస్తుంది. నిజానికి అది తన గెలుపుపై ధీమాను ప్రకటించడమే. ఆవేశంగా మీదికి వెళ్ళినవాడు తాను వెనుకబడ్డానని ఒప్పుకున్నట్లవుతుంది. ఈ సంగతి తెలియక, తామే గెలిచామనుకుని ఓడిపోయే విదేశీ మల్లులున్నారు.

కండబలం కన్నా నేర్పుపై ఆధారపడేవారిని "ముయే ఫీమూ" అంటారు. వీరిలో సమర్త్ పయకరూన్ అగ్రగణ్యుడు. లుంపినీలో నాలుగు బరువు విభాగాలలో విజేతగా నిలిచిన ఇతడు 1986లో ముష్టియుద్ధంలో డబ్ల్యు.బి.సి. ప్రపంచ టైటిల్‌ను కూడా సాధించాడు.

మార్పులు

2023 జనవరి నుండి లుంపినీలో వన్ ఛాంపియన్‌షిప్ సంస్థ చిన్న గ్లవ్స్‌తో, మూడు రౌండ్ల పోటీలు నిర్వహిస్తున్నది. వీటిలో దాడికి, నాకౌట్‌కు ప్రాధాన్యం ఎక్కువ. నిదానంగా ప్రారంభించడానికి గానీ, చివరి రౌండ్‌లో వెనుకకు తగ్గడానికి గానీ ఇక్కడ వ్యవధి లేదు.