దోసకాయతో పెట్టిన మ్యాంగో

1699లో లండన్‌లో అచ్చయిన ‘అసిటారియా’ అనే పుస్తకంలో దోసకాయతో మ్యాంగో పెట్టే పద్ధతి ఉంది. పచ్చికూరల మీద జాన్ ఎవ్లిన్ రాసిన పుస్తకం అది. మామిడికాయంత సైజులో ఆకుపచ్చగా ఉన్న దోసకాయలు ఏరుకోమంటాడు. గాటు పెట్టి, గింజలు తోడేసి, ఆ ఖాళీలో వెల్లుల్లి రెబ్బ పెట్టమంటాడు. మిరియాలు, లవంగాలు వేసి కాచిన వెనిగర్‌లో ఉప్పు కలిపి వేడివేడిగా జాడీలో పోయాలి. అంతా అయ్యి చల్లారాక ఒక చెంచాడు ఆవముద్ద. మామిడితోటల జి. కొండూరు వైపు ఏ ఇంట్లో పెద్దావిడకి ఈ సంగతి చదివి వినిపించినా, వెల్లుల్లి, ఉప్పు, ఆవ సరే, నూనే కారమూ ఏవయ్యా అని అడుగుతుంది. కాయ సంగతి ఆ తర్వాత.

దోసకాయకి ఆ పేరెందుకు వచ్చిందంటే, ఓడల వల్ల. అప్పటికి సూయజ్ కాలువ లేదు. మన సరుకు ఆఫ్రికా కొస చుట్టి ఇంగ్లండు చేరడానికి నెలలు పట్టేది. నూజివీడు రసాలు మాగాక వారం నిలిస్తే గొప్ప. అందుకని మామిడి అక్కడికి పండుగా వెళ్ళలేదు, జాడీలో ఊరగాయగా వెళ్ళింది. మామిడిచెట్టు ఎలా ఉంటుందో, పండు ఏ రంగులో ఉంటుందో చూడని జనం మ్యాంగో తిన్నారు. వాళ్ళ లెక్కలో మ్యాంగో అంటే ఘాటు కూరి పులుపులో ఊరేసిన సరుకు. అసలుది ఖరీదు కాబట్టి వంటవాళ్ళు దోసకాయతో, పీచ్ పండుతో, పుచ్చపిందెతో దానికి నకలు తయారుచేశారు. నకళ్ళన్నిటికీ పేరు మటుకు మ్యాంగోనే. 1824లో మేరీ రాండాల్ఫ్ అమెరికాలో అచ్చువేసిన ‘వర్జీనియా హౌస్‌వైఫ్’లో ‘ఆయిల్ మ్యాంగోస్’ ఉన్నాయి. వాటికి కావలసింది పెద్దబాతు గుడ్డుకన్నా కాస్త పెద్ద పుచ్చపిందెలు. నూనె వచ్చింది, మామిడి ఇంకా రాలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒహాయో, ఇండియానా వైపు క్యాప్సికంలో క్యాబేజీ తురుము కూరి ఊరేసేవాళ్ళు. కొన్నాళ్ళకి కూరటం, ఊరేయటం పోయినా పచ్చి క్యాప్సికానికే మ్యాంగో అన్న పేరు నిలిచిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో కూడా అక్కడి పాతకాలపు వాళ్ళు అలాగే అనేవారు. ఆ ప్రాంతంలో స్థిరపడ్డ మనవాళ్ళకి ఎవరి వంటింట్లోనో పాత వంటల పుస్తకంలో ‘స్టఫ్డ్ మ్యాంగోస్’ కనబడితే నోరూరించుకోవద్దని మనవి. అది గుత్తివంకాయ చెల్లెలు.

నిజానికి ఊరగాయ అర్థంలో అన్యాయమేమీ లేదు. ఇంగ్లీషుకి ఈ మాట పోర్చుగీసువాళ్ళ ‘మంగ’ నుంచి వచ్చింది. వాళ్ళకి మలబారు తీరంలో దొరికింది. తమిళంలో అదే ‘మాంగాయ్’. ‘మా’ అంటే మామిడి, తక్కినది మన ‘కాయ’. అంటే మ్యాంగో పుట్టుకతోనే మామిడికాయ. మనం కాయనీ పండునీ కలపం. జి. కొండూరు తోటల్లో పూత, పిందె, కాయ, పండు అని దేని దశ దానిదే. కలెక్టర్ కాయ అని ముద్దుగా పిలుచుకునే తోతాపురి నున్న ఊరి మామిడి మార్కెట్‌కి పచ్చిగా వెళ్ళినప్పుడు దాన్ని పండన్నవాణ్ణి చూసి హమాలీలు కూడా నవ్వుతారు. ఇంగ్లీషువాడు మాత్రం పండిన బంగినపల్లిని చేతిలో పట్టుకుని మామిడికాయ, మామిడికాయ అంటున్నాడన్నమాట.

కథలు రాసేవాళ్ళకి పనికొచ్చేది ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లో ‘మ్యాంగో’ క్రియ కూడా అయింది. దోసకాయని మ్యాంగో చేయడం, పీచ్‌ని మ్యాంగో చేయడం. ఇప్పుడు ఎవరూ వాడరు గనక కొత్తదానిలా మెరుస్తుంది. పదేళ్ళనాటి అవమానాన్ని లోపల దాచుకుని, ఘాటు పట్టించి, సమయం చూసి బయటికి తీసే పాత్ర ఇంగ్లీషులో రాయాల్సివస్తే, ఆ మనిషి దాన్ని మ్యాంగో చేసిపెట్టుకున్నాడని రాయొచ్చు. నిఘంటువులో పలకడానికి నోరు తిరగని మాట ఏరి తెచ్చి పేజీలో కుక్కేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. వింతమాటకి ఊరూ పేరూ ఉండాలి, కొంత దూరం నడిచివచ్చి ఉండాలి.

అలాంటి మాటల్లో అన్నిటికన్నా దూరం నడిచినది మన పందికొక్కు. ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టారు. కొట్లలో ధాన్యానికి కన్నం వేసే ఆ జీవిని బాండికూట్ అని వాళ్ళు నోటికి పట్టించుకున్నారు. యూల్, బర్నెల్ కూర్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు 1886లో వచ్చింది. అందులో ఇది తెలుగు మాటేనని స్పష్టంగా ఉంది. శాస్త్రజ్ఞులు లాటిన్ తొడుగు వేసి దాన్ని ‘బాండికోటా ఇండికా’ చేశారు. 18వ శతాబ్దం చివర ఆస్ట్రేలియాలో దిగినవాళ్ళకి మూతి పొడుగ్గా ఉండి నేల తవ్వే జంతువు ఒకటి కనబడింది. ఎలుక జాతితో దానికి చుట్టరికమే లేదు. కంగారూలాగా పిల్లని సంచిలో పెంచుకునే రకం. తవ్వేటప్పుడు మట్టి పడకుండా సంచి నోరు వెనక్కి ఉంటుంది. దానికీ బాండికూట్ అనే పేరు పెట్టేశారు.

ఆ తర్వాత ఆ జాతిలో గిట్టల్లాంటి కాళ్ళున్న రకం ఒకటి బయటపడింది. దాని పేరు ‘పిగ్-ఫుటెడ్ బాండికూట్’. తెలుగు తెలిసినవాడికి అది పందికాళ్ళ పందికొక్కు. పేరు పెట్టినవాళ్ళకి పంది రెండుసార్లు వచ్చిందని తెలియదు. 1836లో దొరికిన మొదటి నమూనాకి తోక ఊడిపోయి ఉండడంతో లాటిన్‌లో తోకలేనిదని కూడా చేర్చారు. తర్వాత దొరికినవాటికి తోకలు నిక్షేపంలా ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దం మధ్యకి ఆ జీవే అంతరించింది, తప్పు పేరు మిగిలింది.

ఆస్ట్రేలియావాళ్ళకి ఇదీ క్రియే. పైన మొక్క కదలకుండా, కింద మట్టి తవ్వి బంగాళదుంపలు ఎత్తుకుపోవడం బాండికూట్ చేయడం. దొంగ ఎంత నేర్పరో ఒక్క మాటలో వచ్చేసింది. మన రాజకీయ ఉపన్యాసాల్లో పందికొక్కు బొక్కడానికే పనికొస్తుంది, ఈ నైపుణ్యం దానికి దక్కలేదు. 1996లో బాండికూట్ ‘క్రాష్ బాండికూట్’ అనే వీడియో గేమ్‌లో హీరో అయింది. 2018లో కేరళలో మ్యాన్‌హోళ్ళు శుభ్రంచేసే రోబోకి పేరయింది.

ఇంకొకటి చెప్పి వదిలేస్తాను. ఇంగ్లీషులో ‘గోల్కొండ’ని చిన్న అక్షరంతో మొదలుపెట్టి రాస్తే తరగని సంపద అని అర్థం. ఆ పేరుతో అమెరికాలో ఇలినాయిలో ఒక ఊరు, నెవాడాలో ఒక ఊరు ఉన్నాయి. గోల్కొండ వజ్రాలు అమ్మిన చోటు. తవ్విన చోట్లు కృష్ణ ఒడ్డు కొల్లూరు, కొండపల్లి కొండల అవతలి పరిటాల. ఇంగ్లీషు నవలలో ఎవడైనా తనకి గోల్కొండ దొరికిందని మురిసిపోతుంటే, జి. కొండూరువాళ్ళు దాన్ని పరిటాల అని దిద్దుకుని చదువుకోవచ్చు.