ముద్రారాక్షసమున చంద్రగుప్తుని లజ్జ

దేవాలయ ప్రసంగమున నాటకమునకు చోటేమని కొందరు శంకింపవచ్చును. గురుభక్తిని గూర్చి చెప్పదలచినపుడెల్ల మాకు విశాఖదత్తుని ముద్రారాక్షసమే స్ఫురించును. ఏడంకముల ఈ నాటకమున శృంగారకథ లేదు. యువకుడైన రాజు, పరస్పరము స్పర్ధించు ఇద్దరు నీతికోవిదులు, పురము మీదికి వచ్చుచున్న యుద్ధము, ఇదియే వస్తువు.

క్రీ.పూ. 321 ప్రాంతమున నందవంశమంతరించి మౌర్యచంద్రగుప్తుడు పాటలీపుత్రమున రాజయ్యెను. ఇంతవరకు చరిత్ర. తక్కిన కథను నడిపినవాడు శతాబ్దముల తరువాతి కవి. నందుల అమాత్యుడగు రాక్షసుడు పర్వతకుని కుమారుడైన మలయకేతువును చేరి, కులూత, మలయ, కాశ్మీర, సింధు, పారసీక రాజులను కూర్చుకొని దండయాత్రకు సిద్ధపడెను. చాణక్యుడు వానిని చంపగోరలేదు. మరణించిన ప్రభువునందు ఏ ఫలాపేక్షయు లేక ఇంత భక్తి గలవాడే తన శిష్యునకు మంత్రి కావలెనని ఆయన సంకల్పము.

తృతీయాంకమును మా గురువులు మాచేత మరల మరల చదివించెడివారు. రాజు కౌముదీ మహోత్సవమును జరుపుడనెను, చాణక్యుడు వలదనెను. రాజు కారణమడిగెను. మాట పెరిగినది. చాణక్యుడు అమాత్యపదవికి గుర్తైన శస్త్రమును విడిచి వెడలిపోయెను. గురుశిష్యులు విడిపోయిరని రాక్షసుని చారులు నమ్మిరి. కాని ఆ కలహమంతయు కృతకము, గురువు ముందుగా ఆజ్ఞాపించినదే! అయినను ఏకాంతమున చంద్రగుప్తుడేమనుకొనెను? గురువాజ్ఞచేతనే గురుగౌరవమును మీరితిని, ఐనను భూమిలోనికి చొచ్చిపోవలెనని యున్నది. నిజముగా గురువులను ధిక్కరించువారి హృదయములు సిగ్గుతో ఏల బ్రద్దలుకావో యని విస్మయపడెను. నటించిన ధిక్కారమునకే ఇంత బాధ!

అటు మలయకేతువును యువకుడే. రాక్షసుని ముద్ర గల కపటలేఖను చూచి, తన హితమే కోరు మంత్రిని శంకించెను. మిత్రులైన ఐదుగురు రాజులను చంపించెను. సేన చెదరెను, తాను బందీయయ్యెను. ఒకనికి గురువునందు విశ్వాసము, వేరొకనికి మంత్రియందు సంశయము. యుద్ధమక్కడనే తేలిపోయినది.

తన కుటుంబమునకు ఆశ్రయమిచ్చిన మిత్రుడు చందనదాసుని శూలమునుండి విడిపించుటకై రాక్షసుడు తానై వధ్యస్థానమునకు వచ్చెను. మిత్రుని ప్రాణమునకై మంత్రిశస్త్రమును గ్రహింపక తప్పలేదు. అప్పుడును చంద్రగుప్తునికి లజ్జయే: యుద్ధము లేకయే ఆర్యుడు శత్రుబలమును జయించెను గదా, తాను చేసినదేమున్నదని!

బందీయైన మలయకేతువును ఏమి చేయవలెను? చాణక్యుడా నిర్ణయమును రాక్షసునకే విడిచెను. కొంతకాలము వాని చెంత నివసించితిమి, ప్రాణము కాపాడుడని రాక్షసుడు కోరెను. క్రొత్త మంత్రి తొలి ప్రార్థన మన్నింపదగినదని చాణక్యుడనెను. మలయకేతువునకు తండ్రి రాజ్యము తిరిగి దక్కినది.