పూత చక్రాలు (రిమోట్ కార్లు)

రేడియో సంకేతాలతో నడిచే నమూనా కార్లకు బిగించే మెరుపు ప్లాస్టిక్ చక్రాలు. చాలావాటిపై ఉండేది క్రోమియం కాదు. శూన్యంలో ఆవిరిచేసి పట్టించిన అతిపల్చటి అల్యూమినియం పొర, దానిపై పారదర్శక వార్నిష్. ఇసుక రాపిడికి దీనిపై ఇట్టే గీతలు పడతాయి. వేటపాలెం మండలంలోని రామాపురం బీచ్ లాంటి చోట ఇసుకకు ఉప్పు తోడవుతుంది. గీత పడిన చోట ఉప్పు తేమ చేరి అల్యూమినియాన్ని తినేస్తుంది. అందుకే ఆట ముగియగానే చక్రాలు విప్పి, ముందు మంచినీళ్లతో ఇసుక కడిగి, తర్వాతే మెత్తని గుడ్డతో అద్దాలి. థిన్నర్ తగలనివ్వకూడదు. బ్లీచింగ్ ద్రవమైతే పూతను మొత్తం కరిగించేస్తుంది. పూతకు రక్షణగా నీటితో కలిసే అక్రిలిక్ క్లియర్ కోటు వేస్తే మెరుపు కాస్త తగ్గినా, తీరప్రాంతంలో ఆ మాత్రం నష్టం భరించదగ్గదే. టైరు అంటించే అంచున మాత్రం పూతను గీకేయాలి. లేకుంటే జిగురు ప్లాస్టిక్‌ను పట్టుకోక, పొరతో సహా టైరు ఊడివస్తుంది.