ఇన్‌స్టాల్ బటన్ లేని రోజుల్లో: 'కంప్యూట్' పత్రిక కథ

మీకు ఒక గేమ్ కావాలంటే ఫోన్‌లో ఇన్‌స్టాల్ నొక్కుతారు, అంతే కదా. 1983లో అమెరికాలో ఇంట్లో కంప్యూటర్ ఉన్న కుర్రాడు ఏం చేసేవాడో తెలుసా? పత్రిక కొనుక్కొచ్చి, అందులో అచ్చేసిన ప్రోగ్రాం చూస్తూ ఒక్కో లైనూ టైప్ చేసుకునేవాడు. ఆ పత్రికల్లో బాగా పేరున్నది 'కంప్యూట్'.

1979లో నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో రాబర్ట్ లాక్ దీన్ని మొదలుపెట్టారు. కమోడోర్, అటారీ, యాపిల్ 2 ఇవన్నీ 6502 అనే చిప్ మీద నడిచేవి. పత్రిక కూడా ఆ చిప్ చుట్టూనే తిరిగింది. 1982లో కమోడోర్ 64 వచ్చింది. టీవీకి తగిలిస్తే చాలు, జనం ఎగబడి కొన్నారు. మరుసటి ఏడాది వాళ్ల కోసమే 'గెజెట్' అని రెండో పత్రిక పెట్టారు. అదే ఏడాది ఏబీసీ టీవీ కంపెనీ ఈ సంస్థను కొనేసింది.

కానీ టైపింగ్ మామూలు కష్టం కాదండీ! చాలా ప్రోగ్రాంలు పేజీల కొద్దీ ఉత్త అంకెలే. ఒక్క అంకె తప్పితే మెషీన్ హ్యాంగ్. ముందే సేవ్ చేసుకోకపోతే రాత్రంతా పడిన కష్టం గోవిందా. దీనికి పత్రికవాళ్లు పట్టిన ఉపాయం నాకు భలే ఇష్టం. 'ప్రూఫ్‌రీడర్' అనే చిన్న ప్రోగ్రాం ఇచ్చారు. మీరు ఒక లైన్ కొట్టగానే స్క్రీన్ మీద ఒక నంబర్ వస్తుంది. పత్రికలో ఆ లైన్ పక్కన ఉన్న నంబర్‌తో కలిసిందా, ముందుకెళ్లొచ్చు. లేదా, మళ్లీ చూసుకోవాలి. అయితే అక్షరాలు అటుదిటు పడితే మాత్రం మొదటి వెర్షన్‌కి తెలిసేది కాదు!

1984 జనవరి గెజెట్‌లో అయితే స్పీడ్‌స్క్రిప్ట్ అనే వర్డ్ ప్రాసెసర్‌నే అచ్చేశారు. రాసింది చార్లెస్ బ్రానన్. సైజు కొన్ని కేబీలే, మీ వాట్సాప్ ఫొటో దానికంటే పెద్దది. పత్రిక ఖర్చుతో, వేళ్ల నొప్పులతో మంచి సాఫ్ట్‌వేర్ చేతికొచ్చింది. టైప్ చేస్తూ చేస్తూ ఏ లైన్ ఏం చేస్తుందో కొందరికి అర్థమైపోయేది. దాన్ని మార్చి చూసేవాళ్లు. పత్రికకి ప్రోగ్రాంలు పంపింది కూడా చాలావరకు పాఠకులే.

మరి ఎందుకు పడిపోయింది? ప్రోగ్రాంలు పేజీల్లో పట్టనంత పెద్దవయ్యాయి. డిస్క్‌లు ఇళ్లలోకి వచ్చాయి. గెజెట్ తన ప్రోగ్రాంలనే డిస్క్‌లో పెట్టి విడిగా అమ్మింది. ఇంకోపక్క ఐబీఎం తరహా పీసీలు పెరిగాయి, వాటిని కొన్నవాళ్లకి కావాల్సింది రెడీమేడ్ సాఫ్ట్‌వేర్. చివరికి 1988లో కంప్యూట్ ప్రోగ్రాంలు అచ్చేయడమే మానేసింది. నన్నడిగితే పత్రిక అసలు పోయింది అప్పుడే. ఆ తర్వాత మిగిలింది ఏం కొనాలో చెప్పే రివ్యూలు, అవి అందరి దగ్గరా ఉన్నాయి. మధ్యలో ఓనర్లు మారారు.

1994 ఏప్రిల్‌లో కమోడోర్ కంపెనీ మూతపడింది. ఆ సెప్టెంబర్ సంచికే కంప్యూట్‌కి ఆఖరిది.